మా అమ్మ సోమరిపోతు కాదండి

ఎడిటర్ గారికి నమస్కారం. మొన్న మా ఊరొచ్చిన ఒక లీడరు గారు మైకు పట్టుకుని, పథకాలకి అలవాటు పడి జనం పని చెయ్యడం మానేశారు అన్నారండి, ముందు వరసలో కూర్చున్న మా అమ్మ ఏం మాట్లాడకుండా చేతులు కొంగులో దాచేసుకుంది. పలాసలో జీడిపిక్కలు ఒలిచీ ఒలిచీ ఆ జీడి రసానికి ఆవిడ వేళ్ళు నల్లగా మాడిపోయి తోలు ఊడిపోయింది, రేషన్ మిషన్ మీద వేలు పెడితే ముద్ర కూడా పడదు, నాలుగైదు సార్లు తుడిచి పెట్టాలి. ఇదా సోమరితనం?

2018 అక్టోబర్లో తిత్లీ తుఫానొచ్చి తెల్లారేసరికి మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలన్నీ పడుకోబెట్టేసింది, కొబ్బరి మొక్క వేస్తే కాపుకొచ్చేదాకా ఏళ్ళు పడుతుంది, అంతవరకు ఏం తినాలి? అందుకే కదా మావాళ్ళు హైదరాబాద్, చెన్నై బిల్డింగ్ పనులకీ, బెస్తోళ్ళు గుజరాత్ వేరావల్ బోట్ల మీదకీ పోతున్నారు. చాలా ఇళ్ళల్లో కిడ్నీ జబ్బు మనిషి ఒకరుంటారు, డయాలసిస్‌కి తీసుకెళ్ళే రోజు కూలి పోయినట్టే. ఓట్లప్పుడు మాత్రం బస్సెక్కి రండి అని ఫోన్ల మీద ఫోన్లు. ఆ లీడరు గారు ఆ మాట వెనక్కి తీసుకోవాలి, అదే ఊళ్ళో, అదే మైకులో.

- ఒక జీడి కార్మికురాలి కొడుకు, వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా