గిటార్ క్లాసు సంగతి: పాట ఎప్పుడు నేర్పుతారండీ?

అమ్మానాన్నలకు నమస్కారం.

ఫీజులు, యూనిట్ టెస్టుల తేదీలు వెనక పేజీలో ఉన్నాయి, చూసుకోండి. ఈ ఉత్తరం మాత్రం గిటార్ క్లాసు గురించే. గేటు దగ్గర కనపడినవాళ్ళలో సగం మంది అడుగుతున్నది అదే మరి: "మేడమ్ గారూ, మావాడు రోజూ ఒకటే ముక్క వాయిస్తున్నాడండీ, పాట ఎప్పుడు నేర్పుతారండీ?"

పాటలు వాళ్ళకి వచ్చు. ఇప్పుడు నేర్చుకుంటున్నది వేరే. కింద కార్డ్స్, అంటే రెండు మూడు స్వరాలు కలిపి ఒకేసారి మోగించే గుత్తులు, నడుస్తుంటే వాటి మీద అప్పటికప్పుడు సొంతంగా వాయించడం, మన కచేరీల్లో మనోధర్మం అంటామే, ఆ దారి. దానికి వాడేవే మోడ్స్. ఏడు స్వరాలూ అవే ఉంటాయి, ఏ స్వరాన్ని ఇల్లుగా పెట్టుకున్నామన్నదాన్ని బట్టి రంగు మారిపోతుంది. సంగీతం నేర్చుకున్న అమ్మలకి గ్రహభేదం అంటే చాలు. హార్మోనియం తెల్లమెట్లే తీసుకుని సి దగ్గర మొదలెడితే శంకరాభరణం మేళం, డి నుంచి ఖరహరప్రియ, ఎఫ్ నుంచి కల్యాణి, జి నుంచి హరికాంభోజి, ఎ నుంచి నఠభైరవి. వాటినే గిటార్ వాళ్ళు వరసగా అయోనియన్, డోరియన్, లిడియన్, మిక్సోలిడియన్, ఎయోలియన్ అంటారు. గమకాలు, అంటే స్వరాన్ని ఊపి పలకడాలు, లేకుండా అది ఖరహరప్రియ ఎలా అవుతుందండీ అని ఒక తాతగారు నాతో పోట్లాడారు. ఆయన మాట నిజమే, ఇక్కడ తీసుకున్నది స్వరాల వరస వరకే, రాగాన్ని కాదు.

అసలు తేడా ఇంకోచోట ఉంది. మనకి తంబూరలో స కదలదు, గట్టు మీద నిలబడి పాడినట్టే. గిటార్‌కి కార్డ్స్ మారుతుంటాయి కాబట్టి ఏరు దాటించే పంటు మీద నిలబడ్డట్టు, కాలు సర్దుకుంటూ ఉండాలి.

మొన్న క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని చూశాను. మాస్టారు డి మైనర్ నాలుగు దెబ్బలు, జి నాలుగు దెబ్బలు, అలా తిప్పుతున్నారు. ఎనిమిదో తరగతి అమ్మాయి డి మైనర్ స్కేల్ చక్కగా వాయిస్తోంది, జి వచ్చేసరికి మాత్రం మూడో తీగ మూడో ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) మీద ఆగింది, అంటే బి ఫ్లాట్, ఒక్కసారిగా చెవిలో గుచ్చుకుంది, పిల్లలు ఫక్కున నవ్వారు. మాస్టారు తప్పు అనలేదు, ఆపలేదు కూడా, "ఒక్క ఫ్రెట్ పైకి జరుపమ్మా" అన్నారంతే. నాలుగో ఫ్రెట్‌కి జరిపింది, అది బి, జి కార్డ్‌లో ఉన్న స్వరమే, హాయిగా అతుక్కుపోయింది. మన లెక్కలో డి ని స అనుకుంటే శుద్ధ ధైవతం కాస్తా చతుశ్రుతి ధైవతమైంది, నఠభైరవి ఖరహరప్రియ అయింది. ఆ అమ్మాయి డోరియన్ నేర్చుకున్నది ఆ క్షణంలోనే, గోడకి అంటించిన చార్టు చూసి కాదు.

ఆ చార్టుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. నెలలో ఏడు మోడ్స్ పొజిషన్లూ బట్టీపట్టి, కార్డ్ మారినప్పుడల్లా మోడ్ పేరు వెతుక్కునే పిల్లలున్నారు, పాపం టెన్షన్ తప్ప సంగీతం రాదు. ఎ మైనర్, ఎఫ్, సి, జి వరసే తీసుకోండి, నాలుగూ అవే ఏడు స్వరాల్లోంచి వచ్చినవి, పేర్లు మార్చుకునే పనే లేదు. కార్డ్ మారే దెబ్బకి ఆ కార్డ్‌లోని స్వరం మీద దిగితే చాలు, ఎఫ్ వస్తే ఎఫ్ మీదో ఎ మీదో సి మీదో.

ఒకే మోడ్ మీద అంతసేపా అంటారా? జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన 'సో వాట్'లో పదహారు బార్లు (బార్ అంటే మన ఆవర్తం లాంటిది, నాలుగు దెబ్బలు) ఒకే డోరియన్, తర్వాత ఎనిమిది బార్లు అదే అర మెట్టు పైన, మళ్ళీ ఎనిమిది మొదటిదే. జాజ్‌లో అదొక పెద్ద మలుపు. ఇక గిటార్ మనది కాదు కదా అనేవాళ్ళకి, మాండొలిన్ మాత్రం మనదా? మన పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారు దాని మీదే కర్ణాటక సంగీతం వాయించి, గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన రిమెంబర్ శక్తి బృందంలో కూర్చున్నారు.

ఇంట్లో మీరు చేయాల్సింది కొంచెమే. మాస్టారు రెండు కార్డ్స్ రికార్డింగ్ గ్రూపులో పెట్టారు, అది ఫోన్‌లో పెట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి. ముందు నోటితో పాడమనండి, పాడిందే వాయించమనండి. చుట్టాలొచ్చినప్పుడు సినిమా పాట వాయించు అని నిలబెట్టకండి, దయచేసి. పదో తరగతి వాళ్ళకి ఫిబ్రవరి నుంచి క్లాసు ఉండదు. కొత్త గిటార్లు కొనక్కర్లేదు. మన గాలికి, అందులోనూ సముద్రం వైపు ఊళ్ళలో, తీగలు ఇట్టే తుప్పు పడతాయి కాబట్టి వాయించాక పొడిగుడ్డతో తుడిపించి సంచిలో పెట్టించండి.

ఇట్లు,
మీ హెడ్‌మిస్ట్రెస్