రవీంద్రభారతి పాటల హాలు కూడా, అది కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ సిటీ పేజీలో రవీంద్రభారతి మీద వేసిన ఫోటో ఫీచర్ చూశాను. ఫోటోలు బావున్నాయి, కాదనను. కానీ మొత్తం చదివితే అదేదో నాటకాలు, కూచిపూడి, అవార్డు ఫంక్షన్లు జరిగే హాలు అన్నట్టే ఉంది తప్ప అక్కడ పాట అనేది ఒకటి ఉండేదని, మాలాంటి ఆర్కెస్ట్రా వాళ్ళు ఏళ్ళ తరబడి ఆ స్టేజీ మీద వాయించుకుని ఇల్లు నడుపుకున్నారని ఒక్క ముక్క లేదు. నాది తబలా, అవసరమైతే డోలక్. ఇప్పుడు వేళ్ళు సహకరించక మానేశాను గానీ 1984 నించి ఆ హాల్లో ఎన్ని షోలు చేశానో నాకే లెక్క లేదు. ఉత్తరం పొడుగైతే చివర కత్తిరించుకోండి, మధ్యలో మాత్రం వద్దు, ఎందుకో కింద చెప్తాను.

ముందు ఆ పేరు సంగతి. టాగోర్ పుట్టింది 1861 మే 7న. ఆయన శతజయంతికి దేశంలో చాలా ఊళ్ళల్లో ఆయన పేరుతో హాళ్ళు కట్టారు, బెంగుళూరులో రవీంద్ర కళాక్షేత్ర, ముంబైలో రవీంద్ర నాట్యమందిర్, చండీగఢ్‌లో టాగోర్ థియేటర్, కలకత్తాలో రవీంద్ర సదన్, అన్నీ ఆ బాపతే. మనది ఇందులో వెనకబడలేదు. 1960 మార్చి 23న శంకుస్థాపన చేసి 1961 మే 11న తెరిచేశారు, అంటే నిండా పద్నాలుగు నెలలు కూడా కాలేదు (మా సందులో డ్రైనేజీ పైపు మార్చడానికి అంతకన్నా ఎక్కువే పట్టింది, అది వేరే ఉత్తరం). డిజైన్ హైదరాబాద్ ఆర్కిటెక్ట్ మహమ్మద్ ఫయాజుద్దీన్ గారిది. అప్పుడు సంజీవయ్య గారు ముఖ్యమంత్రి, ప్రారంభించింది ఉపరాష్ట్రపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. ఇంత వరకు మీ వాళ్ళు కూడా రాశారు. రాయనిది ఏంటంటే టాగోర్ ముందు పాటలు కట్టిన మనిషి. జనగణమనని ఆయన ఇంగ్లీషులోకి మార్చింది, దానికి మార్గరెట్ కజిన్స్ అనే ఆవిడ స్వరం రాసి పెట్టింది మన మదనపల్లెలోనే, 1919లో. అట్లాంటాయన పేరు పెట్టుకున్న హాలుని నాటకాల హాలు అంటే ఎట్లా చెప్పండి.

మాకు రవీంద్రభారతి అంటే సినిమా పాటల నైట్లు. 1970లో ఘంటసాల గారి రజతోత్సవం లాల్‌బహదూర్ స్టేడియంలో జరిగింది, వేల మంది జనం. నేను అప్పుడు పిల్లాణ్ణి, మా బాబాయి భుజాల మీద కూర్చుని చూశానంటారు, నాకు గుర్తున్నది మాత్రం ఐస్‌ఫ్రూట్ ఒక్కటే. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న పోయారు. ఆ తర్వాత జయంతి డిసెంబర్ 4, వర్ధంతి ఫిబ్రవరి 11, ఈ రెండు తేదీల చుట్టే మా ఆర్కెస్ట్రాల క్యాలెండర్ తిరిగేది. డిసెంబర్ మొదటి వారం వచ్చిందంటే రవీంద్రభారతి, మా చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళాతోరణం, ఎక్కడో చోట షో ఉండాల్సిందే, ఆ పది రోజుల డబ్బుల్తో సంక్రాంతి బట్టలు కొనేవాళ్ళం. ఇప్పుడు రవీంద్రభారతి ఆవరణలో ఆయన విగ్రహం ఉంది, మావాళ్ళు లోపలికి పోయే ముందు దాని కాళ్ళకి దణ్ణం పెట్టుకుని పోతారు, సెంటిమెంటు అనుకోండి, అన్నం పెట్టాడన్న లెక్క అనుకోండి.

ఆ హాల్లో తబలా వాయించడం గురించి కొంచెం చెప్పనివ్వండి, ఎవరూ అడగరు కాబట్టి. ఏసీ హాలు అంటే కుర్చీల్లో కూర్చునే వాళ్ళకి హాయి, తబలా వాడికి గండం. సాయంత్రం నాలుగింటికి రిహార్సల్లో శృతి కరెక్టుగా పెట్టుకుంటాం, ఏసీ వేసి రెండు గంటలయ్యేసరికి గాలి పొడిబారి చర్మం బిగుసుకుని శృతి పైకి పోతుంది, దానికి తోడు నెత్తి మీద లైట్ల వేడి. హార్మోనియం ఎక్కడుందో అక్కడే ఉంటుంది, అది మన కోసం జరగదు, కాబట్టి మనమే జరగాలి. పాటకీ పాటకీ మధ్యలో కంపేరింగ్ చేసే అమ్మాయి ఏదో కవిత్వం చెప్తుంటే నేను చిన్న సుత్తి తీసి తబలా పట్టీల కింద ఉండే చెక్క గట్టాల్ని కింద నించి పైకి తట్టి శృతి దించుకునేవాణ్ణి, ఆ టిక్ టిక్ ముందు వరస వాళ్ళకి వినపడి చిరాగ్గా చూసేవాళ్ళు. జూలైలో ముసురు పట్టినప్పుడు రివర్సు, బస్సులో తెచ్చిన తబలా మెత్తబడి ఉండేది, పై నించి కొట్టి ఎక్కించాలి. వెయ్యి మంది పట్టే హాలు అది, కానీ నిండినప్పుడు మైకు సరిగ్గా పెడితే బాయా (ఎడమ చేత్తో వాయించేది) గమకం వెనక వరస దాకా పోయేది. మంచి రోజుల్లో పన్నెండు మందిమి ఉండేవాళ్ళం, రెండు వయొలిన్లు, ఫ్లూటు, గిటారు, బేసు, కీబోర్డు, కాంగో, నేను, ఇంకో డోలకు, కోరస్ అమ్మాయిలు ముగ్గురు. నా మొదటి షోకి నాకు 75 రూపాయలు ఇచ్చారు, లక్డీకాపూల్‌లో అందరికీ చాయ్, సమోసా నా ఖర్చు, ఆనవాయితీ అన్నారు.

ఇప్పుడు కత్తిరించడం సంగతి. 1990ల్లో ఒక సంస్థ వాళ్ళ షో, పేరెందుకు, ఆరున్నరకి మొదలు అని పాంప్లెట్లో ఉంది. ముఖ్య అతిథి రాలేదు, సరే జనం గోల చేస్తున్నారని మమ్మల్ని మొదలు పెట్టమన్నారు. మూడో పాట రెండో చరణంలో ఉండగా అతిథిగారు హాల్లోకి వచ్చారు. అంతే, నిర్వాహకుడు సైడ్ వింగ్‌లో నించి చెయ్యి ఊపుతున్నాడు ఆపండి ఆపండి అని, పాడే అమ్మాయి బిత్తరపోయి మైకు దించేసింది, కీబోర్డు ఆగింది, నేనూ ఆపేశాను, ఇవాళ్టికీ దానికి సిగ్గుపడతాను. మా వయొలిన్ మాస్టారు ఒక్కాయన మాత్రం ఆపలేదు. కళ్ళు మూసుకుని ఆ బిట్టు మొత్తం వాయించి, చరణం చివర ఎక్కడ దిగాలో అక్కడ దిగి, అప్పుడు బో కిందికి దించాడు. అతిథిగారు పాపం నడవలోనే నిలబడిపోయి విన్నారు. ఆ తర్వాత గంటన్నర సన్మానాలు, శాలువాలు, ప్రసంగాలు. పద్నాలుగు పాటలు రిహార్సల్ చేసుకుని వస్తే పాడింది ఐదు, పది గంటలకి హాలు ఖాళీ చేయాలి కదా. మాస్టారు ఆ రాత్రి బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు, ఇప్పుడు లేరాయన.

తర్వాత పెన్‌డ్రైవు వచ్చింది. ట్రాక్ (ముందే రికార్డు చేసి పెట్టుకున్న వాద్యం) మీద పాడితే పన్నెండు మందికి డబ్బులు ఇవ్వక్కర్లేదు, శృతి మారదు, సుత్తి టిక్ టిక్ ఉండదు. నిర్వాహకుల్ని పూర్తిగా తప్పు పట్టలేను, హాలు అద్దె, లైట్లు, మైకు అన్నీ కట్టాక మిగిలేది ఎంత, ఆ మిగిలినదాంట్లో మేం పన్నెండు మంది. ట్రాక్‌తో పాడేవాళ్ళల్లో మంచి గొంతులు కూడా ఉన్నాయి. అయినా పాడేవాళ్ళు ఊపిరి తీసుకుందామని ఒక్క క్షణం ఆగితే ట్రాక్ ఆగదు, మేం ఆగేవాళ్ళం, తేడా అదొక్కటే అనుకుంటా.

అసలు విషయానికి వస్తా. ఆ హాలు చరిత్ర ఎక్కడుంది? పక్కన కళాభవన్ ఉంది, ఒకప్పుడు అకాడమీల ఆఫీసులు అక్కడే. సంగీత నాటక అకాడమీని 1983లో మిగతా వాటితో పాటు రద్దు చేశారు, తర్వాత శాఖలు మారాయి, 2014లో రాష్ట్రమే మారింది. ఇన్ని మార్పుల్లో ఏ సాయంత్రం ఎవరు పాడారు, వెనక ఎవరు వాయించారు అనే రిజిస్టరు ఒక్కచోట భద్రంగా ఉందంటే నాకు నమ్మకం లేదు, ఉంటే సంతోషం, జనానికి చూపించండి. పైన పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉంది, సినిమాకి ఒక చోటు పెట్టారు, మంచిదే, మరి పాటకి ఒక గోడైనా ఇవ్వండి. పాత పాంప్లెట్లు అద్దంలో పెట్టి తగిలించినా చాలు.

పాంప్లెట్లంటే గుర్తొచ్చింది, అక్కడా ఒక తిరకాసు ఉంది. నా ట్రంకు పెట్టెలో అరవై దాకా ఉన్నాయి. మొన్న మీ ఫీచర్ చూశాక తీసి చూశాను. ముఖ్య అతిథి పేరు లావు అక్షరాల్లో, సభాధ్యక్షుడు, ఆత్మీయ అతిథులు ఆరుగురు, గాయనీ గాయకులు చిన్న అక్షరాల్లో, అడుగున “వాద్య సహకారం: ఆర్కెస్ట్రా బృందం” అని ఒక లైను. పేర్లు లేవు. అంటే వాటిని గోడకి తగిలిస్తే ముందు వరసలో ఎవరు కూర్చున్నారో తెలుస్తుంది గానీ స్టేజీ మీద ఎవరున్నారో తెలీదు. అయితే నేను ఆ కాగితాలు పారేయకుండా దాచింది వాటి వెనక వైపు కోసం. పాటల వరస, ఏ శృతి, ఎవరు ఏ వాయిద్యం, ఎవరు రాలేదు, ఎవరికి ఎంత ఇచ్చారు, అన్నీ పెన్సిల్‌తో రాసుకునేవాణ్ణి. పెన్సిల్ కాబట్టి కొన్ని చెరిగిపోతున్నాయి. ఒకదాని మీద చాయ్ గ్లాసు మరక, దాని మధ్యలో మాస్టారి పేరు, పక్కన 150 రూపాయలు, కింద “ఆపలేదు” అని నా రాత.

రవీంద్రభారతి వాళ్ళు గానీ, భాషా సాంస్కృతిక శాఖ వాళ్ళు గానీ, ఇంకెవరైనా గానీ అడిగితే మొత్తం పెట్టె ఇచ్చేస్తాను, డబ్బులొద్దు. ఒక్కటే కండిషను, రెండు వైపులా కనపడేట్టు పెట్టాలి. మిగతా ఆర్కెస్ట్రాల వాళ్ళ దగ్గర కూడా ఇట్లాంటివి ఉండే ఉంటాయి, మీ పేపర్లో ఈ ఉత్తరం వస్తే వాళ్ళూ అటకలు వెతుకుతారేమో చూద్దాం.

ఇట్లు,
ఒక పాత తబలా వాద్యకారుడు (పేరు వేయొద్దు, పాంప్లెట్లలో వేయనిది ఇప్పుడెందుకు)
చిక్కడపల్లి, హైదరాబాద్