‘మన మిత్ర’ షరతులు ప్రజల ముందు పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

కరెంటు బిల్లు, ఆర్టీసీ టికెట్టు, రెవెన్యూ సేవలు వాట్సాప్‌లోనే అందించే ‘మన మిత్ర’ను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో ప్రారంభించింది. ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగే బాధ తప్పితే నాకూ సంతోషమే. కానీ మన వివరాలు వెళ్లే దారి మెటా కంపెనీ సొంతం. దాన్ని ఏ భరోసాతో నమ్మాలి?

2014లో వాట్సాప్‌ను కొంటున్నప్పుడు, రెండు చోట్లా ఉన్న ఒకే మనిషి ఖాతాలను కచ్చితంగా జతపరచడం తమకు సాధ్యం కాదని ఫేస్‌బుక్ (ఇప్పటి మెటా) ఐరోపా సమాఖ్య పాలనా సంస్థ అయిన ఐరోపా కమిషన్‌కు చెప్పింది. 2016లో ఆ పనికే సిద్ధపడింది. ఆ వీలు 2014లోనే ఉందనీ, సిబ్బందికి తెలుసనీ తేల్చిన కమిషన్ 2017లో 11 కోట్ల యూరోల జరిమానా వేసింది. మన దేశంలో, ఒప్పుకుంటేనే వాడుకోండన్న ధోరణిలో వాట్సాప్ 2021లో తెచ్చిన గోప్యతా విధానానికి, వ్యాపార పోటీని పర్యవేక్షించే కాంపిటీషన్ కమిషన్ మెటాకు 2024 నవంబరు 18న రూ.213.14 కోట్ల జరిమానా విధించింది. వాట్సాప్ డేటాను ప్రకటనల కోసం మెటా సంస్థలతో పంచుకోవడంపై కమిషన్ పెట్టిన ఐదేళ్ల నిషేధాన్ని అప్పీలు ట్రిబ్యునల్ తరువాత కొట్టేసినా, జరిమానాను మాత్రం సమర్థించింది. రాష్ట్ర ప్రభుత్వం మెటాతో ఒప్పందం చేసుకున్నది ఆ జరిమానా పడటానికి నెల రోజులు కూడా లేని సమయంలో, 2024 అక్టోబరు 22న!

సందేశాలకు రక్షణ ఉంది కదా అంటారు. నిజమే, ఇద్దరి మధ్య మాటలు చదివే వీలు కంపెనీకి లేదు. ఎవరు ఏ నంబరుకు ఎప్పుడు పంపారన్నది మాత్రం దానికి తెలుస్తుంది. పైగా మన ఊళ్లలో చాలామంది పెద్దవాళ్లకు స్మార్ట్‌ఫోను లేదు. జిరాక్సు షాపు అబ్బాయి ఫోనులో ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌పుస్తకం ఫొటోలు తీయించి పంపుతారు. పని అయ్యాక ఆ ఫొటోలు ఎవరు చెరుపుతున్నారు?

ఇక చట్టం. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీల ప్రధాన బాధ్యతలు 2027లో గానీ అమల్లోకి రావు. జరిమానా రూ.250 కోట్ల దాకా వేయవచ్చు, కానీ అది ప్రభుత్వ ఖజానాకే చేరుతుంది. వివరాలు బయటపడి నష్టపోయిన మనిషికి పైసా రాదు. పరిహారం అడిగేందుకు ఐటీ చట్టంలో ఉన్న 43ఏ సెక్షన్‌ను కూడా ఈ చట్టం తొలగిస్తోంది. ఇది ఘోరమైన అన్యాయం.

అందుకే మెటాతో ఒప్పందంలోని షరతులన్నీ తెలుగులో ప్రజల ముందు పెట్టాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ‘మన మిత్ర’ వాడకం వల్ల మెటా దగ్గర ఏ వివరాలు, ఎంతకాలం మిగులుతాయో, వాటిని ప్రకటనలకు వాడరన్న హామీ ఉందో లేదో చెప్పాలి. సచివాలయంలో కాగితం మీద దరఖాస్తు పెట్టుకునే వీలు ఎప్పటికీ ఉండాలి. పరిహారం హక్కును తిరిగి తెచ్చేలా చట్టాన్ని సవరించమని రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు వచ్చే సమావేశాల్లోనే పార్లమెంటులో పట్టుబట్టాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఒంగోలు