వృద్ధాశ్రమంలో మంచం మీద ప్రాణం పోకూడదా మంత్రి గారూ?

తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా మేనత్త పోయి రెండు నెలలైంది సార్. 81 ఏళ్ళు, సిటీ శివార్లలో ఒక వృద్ధాశ్రమంలో నాలుగేళ్ళు ఉంది, కొడుకు డల్లాస్‌లో, నేనే ఆదివారాలు వెళ్ళి చూసొచ్చేవాణ్ణి. గుండె బాగా వీక్ అయిపోయింది, ఇక చేసేదేం లేదని డాక్టర్ కూడా చెప్పేశాడు. "నన్నెక్కడికీ మోసుకుపోవద్దురా, ఈ మంచం మీదే పోనియ్యి" అని ఎన్నిసార్లు చెప్పిందో.

తీరా ఆయాసం ఎక్కువైన రోజు రాత్రి మేనేజర్ ఫోన్ చేసి అర్జెంటుగా తీసుకెళ్ళండి సార్ అన్నాడు, ఎందుకంటే ఆ బిల్డింగ్ అద్దెది, శవం లేస్తే ఓనర్ ఖాళీ చేయమంటాడంట. మన దగ్గర అద్దె ఇంట్లో ప్రాణం పోనివ్వరు కదా, ముసలివాళ్ళ కోసమే అద్దెకిచ్చిన ఇల్లయినా అంతే! ఇంకేముంది, అంబులెన్సు, ఐసీయూ, వెంటిలేటర్, పైపు పీకేసుకుంటుందని చేతులు మంచానికి కట్టేశారు, ఆరు రోజులు అలాగే ఉంచి ఏడో రోజు పొద్దున బిల్లు కట్టి తీసుకెళ్ళమన్నారు. బావ వీడియో కాల్‌లో ఆ చేతులు చూసి ఫోన్ పెట్టేశాడు.

మేనేజర్‌ని తిట్టాలని లేదు నాకు. రాత్రి పూట ఏ డాక్టరూ రాడు, పోయాక కారణం రాసి సంతకం పెట్టేవాళ్ళు దొరకరు, పోలీసులొస్తారేమోనని ఒక భయం, ఆయన మాత్రం ఏం చేస్తాడు.

కానీ మన రాష్ట్రంలోనే జిల్లాల్లో పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) సెంటర్లు ఉన్నాయి, నర్సులు వ్యాన్‌లో ఇంటికే వచ్చి చూస్తారు, ఈ సంగతి అత్త పోయాక తెలిసింది నాకు. అవి క్యాన్సర్ వాళ్ళకే అనుకుంటారు జనం, నేనూ అనుకున్నా. వృద్ధాశ్రమం కూడా ఒక ఇల్లే కదా సార్, ఆ వ్యాన్ అక్కడ ఆగేలా ఒక ఆర్డర్ ఇవ్వండి. నొప్పికే కాదు ఆఖరి ఆయాసానికీ డాక్టర్లు మార్ఫిన్ వాడతారంట, 2014లో మత్తుమందుల మీద ఉండే ఎన్‌డీపీఎస్ చట్టం మార్చి మార్ఫిన్‌కి లైసెన్సుల గోల తగ్గించారు కూడా, అయినా ఆ మాత్ర మంచం దాకా రావట్లేదు.

ఇంకోటి, లివింగ్ విల్, అంటే ఇక నయం కాదన్నప్పుడు వెంటిలేటర్ లాంటివి పెట్టొద్దని ముందే రాసిపెట్టుకునే కాగితం. సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో మేజిస్ట్రేట్ సంతకం అక్కర్లేదని ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ చాలని చెప్పింది. మా అత్త నాకు నోటితో చెప్పింది గానీ కాగితం లేదు, ఐసీయూలో నా మాట ఎవడు వింటాడు? ఆశ్రమంలో చేరేటప్పుడు ఆధార్ జిరాక్స్ అడుగుతారు, అప్పుడే ఈ సంగతి కూడా చెప్పి రాయాలనుకున్నవాళ్ళతో రాయించొచ్చు, బలవంతం మాత్రం వద్దు. పోయినవాళ్ళకి సర్టిఫికెట్ రాసే బాధ్యత దగ్గర్లోని పీహెచ్‌సీ డాక్టర్‌కి అప్పజెప్పండి, మేనేజర్లకి సగం భయం పోతుంది.

మొన్న అత్త సామాన్లు తెచ్చుకుందామని వెళ్తే కిటికీ పక్కన ఆ మంచం మీద ఇంకో పెద్దావిడ ఉంది, ఆవిడకీ ఆయాసమే, బిల్డింగ్ ఓనర్ కూడా ఆయనే.