చట్టంలో ఆరు నెలలు, కోర్టులో ఏళ్లు: న్యాయశాఖ మంత్రి గారికి పాలమూరు నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. నా విడాకుల కేసు ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలోనే ఒక కోర్టులో ఏళ్లుగా నడుస్తోంది. తప్పు ఎవరిదో మీకు చెప్పుకోవడానికి ఈ లేఖ రాయట్లేదు, అది జడ్జి గారు తేల్చాల్సిన విషయం. ఆ తేల్చే రోజు ఎందుకు రావట్లేదన్నదే నా ప్రశ్న.

1955 నాటి హిందూ వివాహ చట్టంలో 21బి అనే సెక్షన్ ఉంది సార్. 1976లో చేర్చారు. వీలైనంత వరకు విచారణ రోజూ జరపాలి, అవతలి వాళ్లకు నోటీసు అందిన నాటి నుంచి ఆరు నెలల్లో కేసు ముగించే ప్రయత్నం చేయాలి, అప్పీలుకు పోతే దాన్ని మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలి అని అందులో స్పష్టంగా ఉంది. కోర్టు వరండాలో నాతో పాటు కూర్చునే ఆడవాళ్లలో ఈ మాట తెలిసినవాళ్లు నాకు ఒక్కరూ కనిపించలేదు. "విడాకులంటే అంతేనమ్మా, టైం పడతది" అని అందరికీ అందరూ చెప్తారు, అందరూ నమ్ముతారు.

ఆ ఆరు నెలల లెక్క మొదలయ్యేది నోటీసు అందిన రోజు నుంచి. మా దగ్గర అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. పాలమూరు మగవాళ్లు పని కోసం ముంబై పోతారు, పుణె పోతారు, హైదరాబాద్‌లో ఏ సైటు దగ్గర ఉంటారో ఇంట్లోవాళ్లకే తెలియదు, కొందరు దుబాయ్ పోతారు. కోర్టు నోటీసు మాత్రం ఊళ్లో ఇంటి అడ్రస్‌కే పోతుంది. "తాళం వేసి ఉంది" అని ఒకసారి, "ఆ మనిషి ఇక్కడ లేడు" అని ఇంకోసారి తిరిగొస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఒక వాయిదా. అదే మనిషి రోజూ వాట్సాప్‌లో స్టేటస్ పెడుతుంటాడు, పండక్కి ఊరికొచ్చి పోతాడు, పెళ్లిళ్లలో కనిపిస్తాడు. కోర్టుకు మాత్రం దొరకడు. సివిల్ కేసులు ఎట్లా నడపాలో చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఈ-మెయిల్ లాంటి ఎలక్ట్రానిక్ పద్ధతిలో నోటీసు పంపడానికి 2002 సవరణతోనే దారి ఇచ్చారు, మనిషి కావాలని తప్పించుకుంటుంటే గోడకు అంటించడానికి, పేపర్లో వేయించడానికి కూడా దారి ఉంది. ఆ దారులు వాడాలంటే మళ్లీ మనమే పిటిషన్ వేయాలి, దానికి ఇంకో వాయిదా, పేపర్ ప్రకటన ఖర్చు కూడా మనదే. నెలకు నాకొచ్చే జీతంలో ఇవన్నీ ఎట్లా సర్దుకోవాలి సార్?

నోటీసు అందాక కూడా కథ అంతే. కౌంటర్, అంటే మన పిటిషన్‌కు జవాబు, వేయడానికి అవతలివాళ్లు టైం అడుగుతారు. జడ్జి గారు సెలవు, ఇన్‌ఛార్జి కోర్టులో తారీఖు మాత్రమే మారుస్తారు. ఒకరోజు లాయర్ల విధుల బహిష్కరణ, ఇంకోరోజు అవతలి లాయర్ వేరే ఊళ్లో ఉంటారు. పొద్దున బస్సెక్కి వచ్చి, స్కూల్లో ఒక రోజు జీతం పోగొట్టుకుని, సాయంత్రం దాకా కూర్చుని, బెంచ్ క్లర్క్ దగ్గర తర్వాతి తారీఖు రాసుకుని పోవడమే పని.

కేసు నడిచే కాలంలో ఖర్చులకు అడిగే మధ్యంతర భరణం పిటిషన్‌కు కూడా నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో గడువు ఉంది. రజనీశ్ వర్సెస్ నేహా కేసులో 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, ఆదాయం అఫిడవిట్‌లో చూపాలని, భరణం అర్జీ పెట్టిన తేదీ నుంచే లెక్కకట్టాలని చెప్పింది. ఇంత మంచి తీర్పు వచ్చినా చేతికి డబ్బు అందేసరికి పిల్లల స్కూలు ఫీజు అప్పు చేసి కట్టే ఉంటాం.

ఇద్దరూ ఒప్పుకుంటే తొందరగా అయిపోతుంది కదా అంటారు. ఒప్పుకున్నవాళ్లకూ ఆరు నెలలు ఆగమనే చెప్తున్నారు. ఆ ఆగడం తప్పనిసరి కాదు, సయోధ్యకు దారి లేదని, భరణం, పిల్లల సంగతి తేల్చుకున్నారని తేలితే కోర్టు మినహాయించవచ్చని అమర్‌దీప్ సింగ్ కేసులో 2017లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కాకపోతే విడిగా ఉంటూ మొత్తం ఏడాదిన్నర దాటి ఉండాలి. మండలాల్లో ఎంతమందికి ఇది చెప్తున్నారు?

ఇప్పుడు మీ చేతిలో ఉన్న సంగతికి వస్తాను. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం జనాభా 10 లక్షలు దాటిన పట్టణానికి పెళ్లి, విడాకులు, భరణం లాంటి కేసులు చూసే ఫ్యామిలీ కోర్టు పెట్టి తీరాలి. మిగతా చోట్ల అవసరమని రాష్ట్ర ప్రభుత్వానికి అనిపిస్తే, హైకోర్టును సంప్రదించి పెట్టవచ్చు. నల్గొండ గానీ మహబూబ్‌నగర్ గానీ 10 లక్షల పట్టణాలు కావు, ఇక దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్, మక్తల్ సంగతి చెప్పక్కర్లేదు. అంటే మా జిల్లాల ఆడవాళ్లకు ఈ కోర్టు రావడం పూర్తిగా మీ నిర్ణయం మీద ఆధారపడి ఉంది. 2022లో కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు వచ్చాయి, అది మంచి పని, సంతోషించాం. కానీ బోర్డు మారినంత మాత్రాన కేసు కదలదు. భూమి తగాదాలు, చిట్టీల కేసులు చూసే సీనియర్ సివిల్ జడ్జి గారి దగ్గరే మా విడాకుల ఫైళ్లూ ఉంటే మా వంతు ఎప్పుడు రావాలి?

ఇంకో మాట. కలిసి బతకడం ఇక కుదరదని తేలిపోయిన పెళ్లిని ఆ ఒక్క కారణంతో రద్దు చేసే అవకాశం మన చట్టంలో లేదు. ఆ అవకాశం ఇవ్వమని, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ 1978లో చెప్పింది, 2009లో మళ్లీ చెప్పింది. 2013లో రాజ్యసభలో బిల్లు పాసై కూడా చివరికి చట్టం కాలేదు. 2023లో శిల్పా శైలేష్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ అధికారం రాజ్యాంగంలోని 142వ అధికరణ కింద తమకు ఉందని చెప్పింది, కానీ అది సుప్రీంకోర్టుకే. కల్వకుర్తి మనిషి విడాకుల కోసం ఢిల్లీ పోగలదా? పెళ్లి, విడాకులు కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలో ఉన్నాయి, రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్రం సవరణ తేవచ్చు. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు కేంద్రం 2005లో ఇచ్చింది, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందే, 1986 చట్టంతో, పెళ్లికాని కూతుళ్లకు ఇచ్చింది. అప్పుడు చేయగలిగినవాళ్లం ఇప్పుడెందుకు చేయలేం? అయితే భరణం, ఇల్లు, పిల్లల ఖర్చు ముందు తేల్చాకే విడాకులు ఇవ్వాలని అందులో గట్టిగా రాయండి, లేకపోతే మగవాళ్లు సులువుగా వదిలించుకునే దారి అవుతుంది. ఆ భయం నాకూ ఉంది.

కేసు తేలేదాకా మేం ఎక్కడివాళ్లమో మాకే తెలియదు సార్. నా పేరు రేషన్ కార్డులో ఇంకా అత్తగారింట్లోనే ఉంది. బతుకమ్మకు పోతే "ఇంకా కాలేదా?" అని అడుగుతారు. ఇంకో పెళ్లి మాట ఎత్తలేం.

మీరు చేయాల్సింది చెప్తాను. ఉమ్మడి పాలమూరు, నల్గొండ జిల్లాల్లో ఫ్యామిలీ కోర్టు లేని ప్రతి జిల్లా కేంద్రానికి ఒకటి మంజూరు చేయండి, జడ్జితో పాటు కౌన్సిలర్, స్టాఫ్ పోస్టులు కూడా ఇవ్వండి. నోటీసులు ఫోన్‌కు, ఈ-మెయిల్‌కు మొదటిసారే పంపేలా హైకోర్టును కోరండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉందని ప్రతి మండల ఆఫీసులో తెలుగులో రాయించండి. రెండేళ్లు దాటిన విడాకుల, భరణం కేసులు ఏ కోర్టులో ఎన్ని ఉన్నాయో తెప్పించి జనం ముందు పెట్టండి. వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో వీటి మీద మీ జవాబు కోసం చూస్తాను.

ఇట్లు,
నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి ఒక టీచర్