చెరువు వేడితో నడిచే యంత్రమట!

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ జిల్లా అనుబంధంలో ‘ఎంట్రోపీని ఓడించిన యంత్రం’ అన్న వార్త చదివాను (ఎంట్రోపీ అంటే, శక్తి పనికిరాకుండా ఎంత చెదిరిపోయిందో చెప్పే కొలత). ఒక యువకుడు తయారుచేసిన ఆ యంత్రం చెరువు నీటిలోని వేడిని అమోనియాతో లాగి, బొగ్గు గానీ కరెంటు గానీ అక్కర లేకుండా మోటారు నడుపుతుందట. శాలువా కప్పిన అధికారి, ఇక రైతుకు కరెంటు బిల్లే ఉండదని సెలవిచ్చారట. తెలంగాణలో సాగుకు కరెంటు ఉచితమన్న సంగతి ఆయనకు ఎవరూ గుర్తు చేసినట్టు లేదు.

ఆ యువకుడిని తప్పుపట్టను. ఘనపు మీటరు నీరు ఒక్క డిగ్రీ చల్లారితే 1.16 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి వెలువడుతుంది కనుక, భద్రకాళి చెరువంత నీటిని చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. శక్తి పుట్టదు, నశించదు అనే శక్తి నిత్యత్వ నియమం కూడా అందుకు అడ్డు చెప్పదు. అడ్డు చెప్పేది ఉష్ణగతిక శాస్త్ర రెండవ నియమం. చుట్టూ ఉన్నవాటిలో అన్నిటికంటే చల్లనిదాన్ని ఇంకా చల్లబరుస్తూ పని రాబట్టలేమని బ్రిటిష్ శాస్త్రవేత్త కెల్విన్ 1851లోనే చెప్పారు. అమోనియా చెరువు వేడికి ఆవిరై పిస్టన్‌ను ఒకసారి తోస్తుంది, సరే. ఆ ఆవిరిని మళ్లీ ద్రవంగా మార్చేదెట్లా? మంచుగడ్డలు పెడతామన్నా, 27 డిగ్రీల నీటికీ సున్నా డిగ్రీల మంచుకూ మధ్య నడిచే ఏ యంత్రమైనా తీసుకున్న వేడిలో నూటికి 9 పాళ్లకు మించి పనిగా మార్చలేదు, ఆ వచ్చిన పని కాస్తా తిరిగి మంచు తయారీకే చాలదు. 1880ల్లో అమెరికాలో జాన్ గామ్‌జీ ఇట్లాంటి అమోనియా యంత్రంతోనే నౌకాదళ ఇంజినీరును సైతం మురిపించి, సరిగ్గా ఇక్కడే చతికిలపడ్డాడు. రామగుండంలో కాల్చే బొగ్గు వేడిలో సగానికి పైగా కరెంటు కాకుండానే పోతున్నదంటే, అక్కడి ఇంజినీర్లు బద్ధకించి కాదు, ఈ నియమం కట్టడి వల్ల.

1865లో జర్మన్ శాస్త్రవేత్త క్లౌసియస్ ఎంట్రోపీ అని పేరు పెట్టిన ఈ సంగతిని హన్మకొండలో ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు చెప్పాను. టేబుల్ మీద చల్లారిన ఛాయ్ గ్లాసు తనంతట తాను మళ్లీ వేడెక్కేదాకా ఎవరూ బయటికి పోవద్దనేవాణ్ని. ఇప్పుడు ప్రయోగశాలలకు తాళాలు, ప్రాక్టికల్స్‌కు నిండా మార్కులు. అట్లా గట్టెక్కినవారే రేపు వేదికలెక్కి శాలువాలు కప్పుతారు. మీరైనా ఒక ఫిజిక్స్ మాస్టారుకు ఫోను చేసి అడిగి అచ్చువేయకూడదా? నీళ్లతో నడిచే స్కూటరు గురించి నేను రాసిన రెండు లేఖలూ మీ దగ్గరే ఉన్నాయి.

ఒక్క మనవి. మీరు వేసిన ఫొటోలో అధికారి కాలి పక్క నుంచి నల్లటి వైరు ఒకటి వేదిక వెనక్కి పోతున్నది. అది ఎక్కడిదాకా పోయిందో మీ విలేకరిని కనుక్కోమనండి.

– ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, హన్మకొండ