ఆ టైలరింగ్ షాపు ఆంటీకి, ఇంకా అందరికీ థాంక్సండి

సరిగ్గా నిద్రపోయి ఎన్ని రోజులైందో, కళ్ళు మండిపోతున్నాయి, అయినా ఇది రాయకుండా పడుకోలేను. జైలు నుంచి విడుదలైన మన లక్ష్మికి పని దొరికిందండి. ఉండటానికి గది కూడా దొరికింది. లక్ష్మి అసలు పేరు కాదు. జైలు పేరు, ఊరు పేరు కూడా రాయను, గోదావరి జిల్లాల్లో అనుకోండి చాలు. చిన్న ఊళ్ళో ఒక్క ముక్క బయటపడితే చాలు, మనిషిని ఇట్టే పట్టేస్తారు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, నేను జైల్లో రిహాబిలిటేషన్ ప్రోగ్రాం కోఆర్డినేటర్ని, ఒక సంస్థ తరఫున కాంట్రాక్టు మీద. లోపల ఉన్నవాళ్ళకి చదువు, కుట్టుపని, కౌన్సెలింగ్ ఏర్పాటు చేయడం, విడుదలకి ముందు ఇంట్లోవాళ్ళతో మాట్లాడటం, ఆధార్, బ్యాంకు ఎకౌంటు సరిచేయించడం, బయట ఏదో ఒక పని చూడటం. మన దేశం జైళ్ళలో ఆడవాళ్ళు నూటికి నలుగురే (2022 లెక్క), అందుకే ఏ ట్రైనింగ్ వచ్చినా ముందు మగవాళ్ళ వైపుకి వెళ్తుంది, మిగిలితే మా వైపుకి. ములాఖత్ కూడా అంతే, మగవాళ్ళ కోసం పెళ్ళాం, తల్లి క్యారేజీ పట్టుకుని గేటు దగ్గర పడిగాపులు కాస్తారు, ఆడవాళ్ళ కోసం చాలామందికి ఎవరూ రారు. లక్ష్మి కోసం వాళ్ళాయన ఒక్కసారి కూడా రాలేదు. చంకలో పాపతో లోపలికొచ్చింది, ఆరేళ్ళు నిండితే పిల్లలు తల్లితో జైల్లో ఉండకూడదు కాబట్టి (2006లో సుప్రీంకోర్టు చెప్పింది ఇది) పాపని హాస్టల్లో వేశాం. ఆ రోజు గురించి ఇంకోసారి రాస్తా, ఇప్పుడు రాయలేను. లక్ష్మి అడిగింది ఒక్కటే, బయటికొచ్చాక పాప హాస్టలుకి దగ్గర్లో ఎక్కడో ఒకచోట పని చూడండి మేడం, అంట్లు తోమే పనైనా పర్లేదు అని.

కానీ ఆ అమ్మాయి కుట్టు చూస్తే అంట్లు తోమమనడానికి నోరు రాదు. లోపలే నేర్చుకుంది, క్రాస్ కట్, లైనింగ్ బ్లౌజు, పైపింగ్ అన్నీ వచ్చు. అందుకని తను కుట్టిన ఒక బ్లౌజు సంచిలో పెట్టుకుని ఆ టౌన్లో టైలరింగ్ షాపులన్నీ తిరిగా. అందరూ మర్యాదగానే మాట్లాడారు, కూర్చోమన్నారు, బ్లౌజు బాగుందన్నారు, ఎక్కడ నేర్చుకుంది అని అడిగేవాళ్ళు, నేను దాచను, చెప్పేదాన్ని, అంతే, ఇక "ఏం కేసండీ?" దగ్గర మొదలయ్యి "ఇప్పుడు మా దగ్గర ఖాళీ లేదండీ" దగ్గర ఆగేది.

ఆఖర్న ఒక సందులో, ఫ్యాన్సీ షాపు పక్కన, రెండు మిషన్లు పట్టే చిన్న షాపు. అరవై దగ్గర పడ్డ ఆవిడ, మెడలో టేపు, ఒళ్ళో పెళ్ళివాళ్ళ బ్లౌజు, హుక్కులు కుడుతూ ఉన్నారు. అప్పటికి నాకు ఓపిక అయిపోయింది, కూర్చోకుండానే మొత్తం చెప్పేశా, జైలు, శిక్ష, పాప, అన్నీ. ఆవిడ తలెత్తకుండా విన్నారు. తర్వాత చెయ్యి చాపి బ్లౌజు తీసుకుని, ముందువైపు చూడనేలేదు, లోపలివైపుకి తిప్పేశారు. చంక దగ్గర కుట్టు గోటితో లాగి చూశారు, కాజాలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూశారు, లైనింగ్ ఎక్కడ మడిచిందో చూశారు. నేను గుండె చిక్కబట్టుకుని నిలబడ్డా. కేసు గురించి అడుగుతారు అనుకుంటుంటే ఆవిడ అడిగింది ఏంటో తెలుసా, "హెమ్మింగ్ చేత్తోనే చేసిందా అమ్మా? ఈ రోజుల్లో ఇంత దగ్గర కుట్టు వేసే ఓపిక ఎవరికుంది. ఫాల్స్, పికో వచ్చా?"

వచ్చండి అన్నా. "అయితే సోమవారం నుంచి రమ్మను, పెళ్ళిళ్ళ సీజను, నా ఒక్కదాని వల్ల కావట్లేదు" అన్నారు. అక్కడే ఏడ్చేశానండి నేను. ఇన్నేళ్ళలో బారక్ ముందు ఎన్నో చూశా, ఎప్పుడూ ఎవరి ముందూ ఏడవలేదు. ఆవిడ మిషన్ ఆపి నీళ్ళు తెచ్చిచ్చి, ఉండటానికి చోటుందా ఆ పిల్లకి అని అడిగి, షాపు వెనక గది ఉంది, సామాను సర్దితే మంచం పడుతుంది అన్నారు. అద్దె అంటే, ముందు నాలుగు రాళ్ళు సంపాదించుకోనీ అన్నారు.

సోమవారం నేనే తీసుకెళ్ళా, సాయంత్రం దాకా అక్కడే ఉన్నా. లక్ష్మి "అమ్మగారూ" అంటుంటే "అమ్మగారేంటే, పిన్నీ అను" అన్నారావిడ. మధ్యాహ్నం ఇద్దరికీ ఒకే గిన్నెలోంచి గోంగూర పప్పు వడ్డించారు. అదంతా ఒక ఎత్తు. సాయంత్రం షాపు కట్టేసే టైముకి లక్ష్మి తన కత్తెర శుభ్రంగా తుడిచి, రెండు చేతుల్తో పట్టుకుని వెళ్ళి ఆవిడ ముందు నిలబడింది. ఆవిడకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. లోపల కత్తెర్లకి నంబర్లుంటాయి, పొద్దున రిజిస్టర్లో రాసి ఇస్తారు, సాయంత్రం లాకప్పుకి ముందు లెక్క చూసుకుని తీసుకుంటారు, ఒక్కటి తగ్గిందా షెడ్డు మొత్తం ఆపేసి వెతుకుతారు, ఎవర్నీ కదలనివ్వరు. అన్నేళ్ళ అలవాటు కదా. నేను మెల్లిగా ఆవిడకి చెప్పా. ఆవిడ ఒక్క నిమిషం లక్ష్మి మొహం వంక చూసి, "అది నీ కత్తెర అమ్మడూ, నీ మిషన్ సొరుగులోనే పెట్టుకో, ఇంకొకళ్ళ చేతికి ఇస్తే పదును పోతుంది" అన్నారు. ఇంకేం అనలేదు. ఆంటీ, మీరు ఇది చదవరు, మీ అబ్బాయి చదివి చెప్తాడేమో, మీకు ఏమని థాంక్స్ చెప్పాలో నాకు తెలీట్లేదు. మీ కాళ్ళకి దండం పెట్టాలని ఉంది.

కానీ ఇంతదాకా రావడం ఎందుకింత కష్టం అవ్వాలి? ఇది కూడా రాస్తా, ఎవరేమనుకున్నా సరే. లక్ష్మి శిక్ష ఎప్పుడో పూర్తయింది, ఫైన్ కట్టలేక దానికి బదులు ఇంకా లోపలే ఉండాల్సొచ్చింది. ఇలాంటివాళ్ళ కోసమే 2023లో కేంద్రం పేద ఖైదీల సాయం పథకం తెచ్చింది, శిక్ష పడ్డవాళ్ళకి ఫైన్ కోసం 25,000 దాకా, విచారణ ఖైదీలకి బెయిల్ కోసం 40,000 దాకా ఇస్తామని అప్పట్లో చెప్పింది, జిల్లాకి ఒక కమిటీ కూడా ఉంటుంది. మరి ఫైలు ఎక్కడాగింది? ఒక ఆఫీసులో, ఒక టేబుల్ మీద. వెళ్తే సార్ క్యాంపులో ఉన్నారు, మళ్ళీ వెళ్తే మీటింగ్ పడలేదు, ఇంకోసారి వెళ్తే ఒక కాగితం మీద సంతకం లేదు. బయట మనకి పాతికవేలు ఒక ఫోన్ ఖరీదు, లోపల ఒక తల్లికి అది పాపని చూడకుండా గడిచే నెలలు. ఇంకోటి, ట్రైనింగ్ సర్టిఫికెట్ మీద పైనే పెద్ద అక్షరాలతో జైలు పేరు, కింద స్టాంపు. అది చూపిస్తే ఎవరు పనిస్తారు? ట్రైనింగ్ ఇచ్చిన సంస్థ పేరుతో ఇవ్వండి అని రాసి రాసి విసిగిపోయా, ఇప్పటికీ జవాబు లేదు. హైదరాబాద్ చంచల్‌గూడ జైలు దగ్గర ఆడ ఖైదీలు పెట్రోల్ బంకు నడిపారు, అలాంటిది జిల్లాకొకటి పెట్టినా విడుదలైనవాళ్ళు ఇలా షాపు షాపుకీ తిరగక్కర్లేదు కదా. నేను ఒక్కదాన్ని ఎంతమంది కోసం సంచి పట్టుకుని తిరగగలను? లోపల ఇంకా ఎంతమంది లక్ష్ములు ఉన్నారు.

సరే, థాంక్స్ చెప్పాల్సింది చెప్పనివ్వండి. మా ఆయన, అత్తయ్యగారు పిల్లల్ని చూసుకున్నారు, వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఫైన్ డబ్బు ఎలా వచ్చిందో చెప్పనే లేదు, మా టెన్త్ బ్యాచ్ వాట్సప్ గ్రూపువాళ్ళు వేశారు, వందా, రెండొందలు, ఒకతను కువైట్ నుంచి పంపాడు. లీగల్ ఎయిడ్ లాయర్ గారికి ప్రత్యేకంగా, ఎందుకంటే ఫైన్ బదులు లోపల గడిపిన రోజులకి తగ్గట్టు కట్టాల్సింది తగ్గుతుందని ఆయనే లెక్కగట్టి చెప్పారు, లేకపోతే మేము మొత్తం పోగుచేయాలని చూస్తూ ఇంకా అక్కడే కూర్చునేవాళ్ళం.

అయ్యో, హెడ్ వార్డర్ మేడం! విడుదల రోజు కాగితాలు లేటయ్యి చీకటి పడేలా ఉంటే ఆవిడే దగ్గరుండి పని పూర్తి చేయించారు, డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్ళలేదు. గేటు దగ్గర జిరాక్స్ షాపు తమ్ముడు ఇన్నాళ్ళూ ఒక్క రూపాయి తీసుకోలేదు. హాస్టల్ వార్డెన్ గారు ఆదివారం కాకపోయినా పాపని పంపారు. ఇంకా లక్ష్మికి కాజాలు నేర్పిన పెద్దావిడ, ఆవిడ ఇంకా లోపలే ఉంది, నేను బుధవారం వెళ్ళినప్పుడు నోటితోనే చెప్తా.

ఇంకెవర్నైనా మర్చిపోతే తిట్టుకోకండి, తల పనిచేయట్లేదు, గుర్తొస్తే మళ్ళీ రాస్తా. ఒక్క రిక్వెస్ట్, ఆ షాపు ఎక్కడ, ఏ ఊరు అని ఎవరూ అడగొద్దు ప్లీజ్. మీ ఊళ్ళో టైలరింగ్ షాపుల్లో మనిషి కావాలని ఎవరైనా అంటే మాత్రం నాకు మెసేజ్ పెట్టండి, వచ్చే నెల ఇంకో ఇద్దరు బయటికొస్తున్నారు, ఒకమ్మాయికి ఎంబ్రాయిడరీ బాగా వచ్చు.